మైన్‌క్రాఫ్ట్ బగ్ ట్రాకర్ సమీక్ష: తిరుపతి హాస్టల్ గ్యాంగులకు ఇది పనికొస్తుందా?

గేమ్‌లో తప్పు కనబడితే మన దగ్గర జరిగేది ఒకటే. ఫోన్‌తో స్క్రీన్‌ని వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. "బ్రో, నీకూ ఇట్లే అవుతోందా" అని పది మెసేజీలు నడుస్తాయి. మర్నాటికి అందరూ మరిచిపోతారు, తప్పు మాత్రం గేమ్‌లో అట్లే ఉంటుంది. బైరాగిపట్టెడ హాస్టళ్లలో, బాలాజీ కాలనీ గదుల్లో మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లలు చాలామందే ఉన్నారు, వాళ్ల కంటబడే బగ్గులూ చాలానే ఉంటాయి. అవి గేమ్ చేసినవాళ్ల బల్ల మీదికి చేరడానికి సరైన దారి, ఆ గేమ్ చేసిన మొజాంగ్ కంపెనీ నడిపే బగ్ ట్రాకర్. పైసా ఖర్చు లేదు. ఎవరైనా చదవొచ్చు, ఈమెయిల్ ఉంటే ఎవరైనా రాయొచ్చు.

రేటింగ్ ముందే చెప్పేస్తాం: ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో కింద ఉంది. కానీ రిపోర్టును ఏ గంపలో వేస్తారు, ఏది ముందు చూస్తారు, దేన్ని చూడగానే మూసేస్తారు అన్నది తెలియకుండా వెళ్తే ఈ సేవ మీకు ఐదుకి ఒకటిలాగే కనిపిస్తుంది. మొదటి రిపోర్టు రెండు నిమిషాల్లో "ఇన్‌వ్యాలిడ్" అని మూతబడితే రెండోది పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

ఈ ట్రాకర్ 2012లో మొదలైంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకి అలవాటైన జిరా అనే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. 2025లో కొత్త జిరాకి మారాక, రిపోర్టు రాసే పోర్టల్ ఒకటి, ఉన్న రిపోర్టులు వెతికే పేజీ ఇంకొకటి అయ్యాయి. వచ్చినవాటిని ముందు జల్లెడ పట్టేది కంపెనీ ఉద్యోగులు కాదు. ఆటగాళ్లలోంచే వచ్చిన వాలంటీర్లు, మోడరేటర్లు. జీతం లేకుండా, ఎక్కడెక్కడి టైమ్ జోన్లలోనో కూర్చుని చేసే పని అది. మీ రిపోర్టు చదివే మనిషి మీలాగే ఆట ఆడేవాడు, కాకపోతే ఆరోజు మీ ముందు ఇంకో వంద చదివినవాడు. రాసేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే సగం తప్పులు జరగవు.

లోపలికి వెళ్లగానే అడిగేది ఏ ప్రాజెక్టు అని. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌లో ఆడే జావా ఎడిషన్‌ది "ఎంసీ". ఫోన్, కన్సోల్, విండోస్ స్టోర్‌లో దొరికే బెడ్‌రాక్‌ది "ఎంసీపీఈ". పాకెట్ ఎడిషన్ అనే పేరు 2017లోనే పోయింది, కానీ ట్రాకర్‌లో ఆ పాత అక్షరాలు అట్లే మిగిలిపోయాయి. ఎక్స్‌బాక్స్‌లో ఆడేవాడికి ఆ అక్షరాల్లో "పాకెట్" చూస్తే తనది కాదనిపిస్తుంది, తనదే. గేమ్‌ని తెరిచే లాంచర్‌కి "ఎంసీఎల్", మొజాంగే అద్దెకిచ్చే రెల్మ్స్ సర్వర్లకి వేరే గంప. గేమ్ తెరుచుకోకముందే తెల్ల తెర వచ్చి ఆగిపోతే అది లాంచర్ బగ్ అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక అసలు విషయం. ఈ ట్రాకర్‌లో మెచ్చుకోవాల్సింది ఒక్కటి చెప్పమంటే, మూడు ప్రశ్నల్ని మూడు వేర్వేరు గడుల్లో పెట్టడం. ఇది దేనికి సంబంధించిన తప్పు? ఇది నిజమేనా? ఇది ఎంత తొందర? మొదటిదానికి కేటగిరీ, రెండోదానికి కన్ఫర్మేషన్ స్టేటస్, మూడోదానికి మొజాంగ్ ప్రయారిటీ. గేమ్ గ్రూపుల్లో జరిగే గొడవల్లో సగం ఈ మూడింటినీ కలిపేయడం వల్ల వచ్చేవే. "పక్కాగా బగ్గే కదా, మరి ఎందుకు సరిచేయరు" అని అడిగేవాడు రెండో గడికి జవాబిచ్చి మూడో గడిని అడుగుతున్నాడు. రుయా ఆసుపత్రి క్యాజువాల్టీలో వేలు తెగినవాడిది నిజమైన గాయమే, ముందొచ్చిందీ అతనే. అయినా గుండెనొప్పితో తర్వాత వచ్చినవాడినే ముందు లోపలికి తీసుకెళ్తారు. బగ్గుల్ని ఇట్లా వేరుచేసే పనికి వాడే "ట్రయాజ్" అన్న మాట కూడా ఆసుపత్రి నుంచి వచ్చిందే.

కేటగిరీ పేరు చూసి తీవ్రత అంచనా వేయకూడదు అనడానికి మన భాషలోనే మంచి ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను పడగొట్టిన తెలుగు అక్షరం గుర్తుందా? "జ్ఞ" తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, దాని వెనక దీర్ఘం. ఈ కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ కూలిపోయేది, మళ్లీ తెరిచినా కూలేది. కేటగిరీ చూస్తే "టెక్స్ట్". అక్షరదోషాల పక్కన పడే గంప అది. కానీ జరిగే నష్టం యాప్ మొత్తం పనిచేయకపోవడం. ఆపిల్ వాళ్లు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దారు. గేమ్ బగ్గులకీ ఇదే లెక్క. "రెండరింగ్" (తెర మీద బొమ్మ గీయడం) అని పడ్డ బగ్గు రంగు కొంచెం తేడాగా కనిపించడం కావచ్చు, మొత్తం తెర నల్లబడడం కావచ్చు. కేటగిరీ పని ఒక్కటే, ఆ విభాగం కోడ్ చూసే డెవలపర్‌కి వెతుక్కోవడం తేలిక చేయడం.

కన్ఫర్మేషన్ స్టేటస్‌లో నాలుగు మెట్లు ఉన్నాయి. కొత్తగా పడింది అన్‌కన్ఫర్మ్డ్. చదివితే నిజమే అయ్యుండొచ్చు అనిపించి, తిరిగి చేసి చూడడం కష్టమైతే ప్లాజిబుల్. చాలామంది ఆటగాళ్లు తమకీ వస్తోందని నిలబడితే కమ్యూనిటీ కన్సెన్సస్. మీరు రాసిన, తప్పు రప్పించే స్టెప్పుల్ని మోడరేటరో, కంపెనీ మనిషో స్వయంగా చేసి చూసి తేల్చుకుంటే కన్ఫర్మ్డ్. మీ చేతిలో ఉన్నదల్లా మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకి ఎంత తొందరగా ఎక్కిస్తారన్నదే. ఎక్కించేది స్టెప్పులు. చదివినవాడు తన కంప్యూటర్‌లో మూడు నిమిషాల్లో అదే తప్పు రప్పించగలిగితే అక్కడికక్కడే కన్ఫర్మ్డ్ అవుతుంది. రప్పించలేకపోతే ఎన్ని వీడియోలు పెట్టినా పైకి కదలదు.

మొజాంగ్ ప్రయారిటీలో లో, నార్మల్, ఇంపార్టెంట్, వెరీ ఇంపార్టెంట్ అని ఉంటాయి. ఇది పెట్టేది కంపెనీ వాళ్లు మాత్రమే. చాలా రిపోర్టుల్లో ఈ గడి ఖాళీగానే ఉంటుంది, అంటే తోసేశారని కాదు, ఇంకా చూడలేదని. ఓట్లు కూడా ఉన్నాయి. ఓటు వేస్తే ఎంతమందికి తగులుతోందో తెలుస్తుంది. "నాకూ వస్తోంది" అని కామెంటు రాసే బదులు ఓటు వేయడమే మర్యాద, ఎందుకంటే అలాంటి కామెంట్లు ముప్పై చేరితే పనికొచ్చే కామెంటు మధ్యలో మునిగిపోతుంది. కానీ గ్రూపులో పిలుపునిచ్చి యాభై ఓట్లు వేయించినంత మాత్రాన ప్రయారిటీ పెరగదు. ఆ శ్రమ స్టెప్పులు తగ్గించడం మీద పెడితే ఫలితం ఎక్కువ.

తీవ్రత తేల్చడానికి అనుభవమున్న ఆటగాళ్ల గుంపులు మనసులో పెట్టుకునే లెక్క ఒకటుంది. నష్టం ఎంత, ఎన్నిసార్లకి ఒకసారి వస్తుంది, తప్పించుకునే దారి ఉందా. వీటిలో నష్టమే పెద్దది. అన్నింటికన్నా పైన ఉండేది వరల్డ్ చెడిపోవడం. ఆరు నెలలు కట్టిన ఊరు సేవ్ ఫైలుతో సహా పోతే తిరిగి రాదు. దాని తర్వాత క్రాష్. క్రాష్ కన్నా సేవ్ పాడవడాన్ని పైన పెట్టడం కొత్తవాళ్లకి వింతగా తోస్తుంది, కానీ క్రాషైన గేమ్ మళ్లీ తెరుచుకుంటుంది, పోయిన సేవ్ తెరుచుకోదు. ఆ తర్వాత ముందుకు ఆడనివ్వనివి. ఆ తర్వాత వస్తువుల్ని రెట్టింపు చేసే డూప్ బగ్గులు. ఒంటరిగా ఆడేవాడికి ఇవి పండగే గానీ, సర్వర్ నడిపేవాడికి ఒక్క రాత్రిలో ఊరి వ్యాపారమంతా కూలిపోతుంది. కంటికి మాత్రమే తగిలేవి, అక్షరదోషాలు చివర్న. నష్టం చిన్నదైనా ప్రతిసారీ, అందరికీ వచ్చేదైతే పైకి జరుగుతుంది. నష్టం పెద్దదైనా ఒక రెడ్‌స్టోన్ (గేమ్‌లో కరెంటులా పనిచేసే పదార్థం) యంత్రాన్ని ఒక వింత కోణంలో కడితేనే వచ్చేదైతే కిందికి జరుగుతుంది. కొత్త స్నాప్‌షాట్‌లోనే (విడుదలకి ముందొచ్చే పరీక్ష వెర్షన్) పుట్టిన బగ్గుకి పాత బగ్గు కన్నా ముందు చూపు దక్కుతుంది. మార్చిన కోడ్ ఇంకా చేతిలో ఉన్నప్పుడే సరిచేయడం తేలిక కాబట్టి ఇది న్యాయమే. స్నాప్‌షాట్ పేరులోనే సంవత్సరం, వారం ఉండేవి: "24డబ్ల్యూ14ఏ" అంటే 2024లో 14వ వారం. ఏ స్నాప్‌షాట్ దాకా బాగుందో, దేన్నుంచి చెడిందో రెండు పేర్లూ రాస్తే డెవలపర్‌కి సగం పని చేసిపెట్టినట్టే.

దగ్గర్నుంచి చూపించడానికి ఎంసీ-2025 (ఇది రిపోర్టు నంబరు, సంవత్సరం కాదు) మంచి పాఠం. 2012లో నమోదై ఏళ్ల తరబడి తెరిచి ఉన్న బగ్గు. కంచె వేసి గొర్రెల్ని పెట్టి దూరంగా వెళ్లి వస్తే, కొన్ని కంచె బయట ఉంటాయి, కొన్ని గోడలో ఇరుక్కుని ఊపిరాడక చచ్చిపోయి ఉంటాయి. దీన్నే "నా గొర్రెలు మాయమైపోతున్నాయి, త్వరగా సరిచేయండి" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. తోడేలు తిన్నదా, గేటు తెరిచి పెట్టారా, స్నేహితుడు కోసుకుని తిన్నాడా, ఏదైనా కావచ్చు. అదే "చంక్ మళ్లీ లోడైనప్పుడు జంతువులు కంచె దాటి బయటికొస్తున్నాయి లేదా గోడలో ఊపిరాడక చస్తున్నాయి" అని శీర్షిక పెడితే (చంక్ అంటే గేమ్ ఒక్కసారిగా లోడ్ చేసే వరల్డ్ ముక్క) ఏం జరుగుతోంది, ఎప్పుడు జరుగుతోంది రెండూ దొరికాయి. కింద స్టెప్పులు: కొత్త క్రియేటివ్ వరల్డ్, చిన్న దొడ్డి చుట్టూ బ్లాకుల గోడ, అందులో నిండా గొర్రెలు, వరల్డ్ నుంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి, ఇట్లా పదిసార్లు. ఎన్నోసారికి ఎన్ని బయటికొచ్చాయో అంకె.

ఈ బగ్గులో ఆటగాళ్లు ఇంకా లోపలికి వెళ్లి కారణమే పట్టుకున్నారు. గొర్రె గోడని ఆనుకుని నిలబడ్డప్పుడు దాని స్థానాన్ని దశాంశ సంఖ్యలో సేవ్ చేస్తారు. మళ్లీ లోడైనప్పుడు ఆ అంకె నుంచి దాని చుట్టూ ఉండే పెట్టెని కొత్తగా లెక్కగడతారు. ఆ లెక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చి పెట్టె అంచు గోడలోకి జరుగుతుంది. గోడలోకి దూరి ఉన్నదాన్ని గోడ ఆపలేదు. కారణం, దాన్ని సరిచేసే పద్ధతి రెండూ రిపోర్టులోనే వివరంగా రాసి పెట్టారు. ఆటగాళ్ల రిపోర్టు ఎంత ఎత్తుకి వెళ్లగలదో చూడాలనుకుంటే అది ఒకసారి చదవండి. అంతా చేసినా అది వెంటనే సరికాలేదన్నదీ నిజమే. మంచి రిపోర్టు వరసలో చోటు ఇస్తుంది గానీ తేదీ ఇవ్వదు.

ఎందుకు మూసేస్తారు

మూసేటప్పుడు ఒక ముద్ర వేస్తారు. ఆ ముద్రల అర్థం తెలియకపోతే అవమానంలా అనిపిస్తుంది.

డూప్లికేట్ అన్నది ఎక్కువ కనిపించేది. మీ బగ్గు ముందే నమోదైంది, దాని నంబరు ఇస్తారు. అందులో చెడేమీ లేదు, ఆ పాత రిపోర్టుకి వెళ్లి ఓటు వేసి, మీ వెర్షన్‌లో ఇంకా వస్తోందని రాస్తే మీ పని వృథా కాదు. వెతకడానికి ఒక కిటుకు ఉంది. మీకు తోచిన మాటతో కాదు, గేమ్‌లో ఆ వస్తువుకి ఉన్న ఇంగ్లిష్ పేరుతో వెతకాలి. క్రాష్ అయితే క్రాష్ రిపోర్టులో "డిస్క్రిప్షన్" అన్న వరస కింద ఉండే ఎర్రర్ పేరుతో వెతకాలి.

ఇన్‌వ్యాలిడ్ మన ఊళ్లో ఎక్కువమందికి పడే ముద్ర, దానికి కారణం ఒకటే ఒకటి: ఆప్టిఫైన్. నాలుగు జీబీ ర్యామ్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గేమ్ నడవాలంటే ఆప్టిఫైనో, సోడియమో వేసుకోక తప్పదు. కానీ ట్రాకర్ దృష్టిలో అవి మాడ్‌లు. క్రాష్ రిపోర్టులో "ఈజ్ మాడెడ్" అనే వరస ఉంటుంది. అక్కడ "డెఫినిట్లీ" అని, పక్కన ఫాబ్రిక్ లాంటి మాడ్ లోడర్ పేరో ఇంకోటో ఉంటే ఇంకేమీ చదవకుండానే మూసేస్తారు. "ప్రాబబ్లీ నాట్" అని ఉంటేనే ముందుకెళ్తుంది. ఇది మూర్ఖత్వమేమీ కాదు. మాడ్ గేమ్ కోడ్‌ని మార్చేస్తుంది, ఇక ఆ తప్పు ఎవరిదో మొజాంగ్ తేల్చలేదు. అందుకని లాంచర్‌లో మాడ్ లేని మామూలు ఇన్‌స్టలేషన్ ఒకటి పక్కన పెట్టుకోండి, దానికి వేరే గేమ్ డైరెక్టరీ ఇవ్వండి, రెండర్ డిస్టెన్స్ (ఎంత దూరం దాకా చూపించాలన్నది) బాగా తగ్గించుకుని అందులో తప్పు రప్పించి చూడండి. అక్కడా వస్తే రిపోర్టు పెట్టండి. రాకపోతే ఆ మాడ్ చేసినవాళ్లకి చెప్పాలి.

పాత ఇంటెల్ గ్రాఫిక్స్ మీద ఇంకో గోతి ఉంది. గేమ్ తెరవగానే "పిక్సెల్ ఫార్మాట్ నాట్ యాక్సిలరేటెడ్" అంటూ పడిపోతే అది ఎంసీ-297కి డూప్లికేట్ అవుతుంది. ఆ మూలం కూడా గేమ్ తప్పు కాదని తేల్చినదే, గ్రాఫిక్స్ డ్రైవర్ లేకపోవడమో పాతబడడమో. విండోస్ మళ్లీ వేయించిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో ఇది తరచూ వస్తుంది, ఎందుకంటే చాలాచోట్ల విండోస్ వేసి డ్రైవర్లు వేయకుండానే ఇచ్చేస్తారు. ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచో, ఇంటెల్ సైటు నుంచో డ్రైవర్ వేసుకుంటే పోతుంది, రిపోర్టు అక్కర్లేదు.

ఎవరో నడిపే పబ్లిక్ సర్వర్‌లో వచ్చిన తప్పు కూడా ఇన్‌వ్యాలిడే. ఆ సర్వర్లు పేపర్, స్పిగాట్ లాంటి మార్చిన సాఫ్ట్‌వేర్ మీద, ప్లగిన్‌లతో నడుస్తాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడుతుంటే పగలగొట్టిన బ్లాకు మళ్లీ ప్రత్యక్షమవడం, తలుపు ఆలస్యంగా తెరుచుకోవడం బగ్గులు కావు, పింగ్, అంటే నెట్ ఆలస్యం. ఒంటరి వరల్డ్‌లో రప్పించగలిగినదే లెక్కలోకి వస్తుంది.

ఇంకంప్లీట్, అవెయిటింగ్ రెస్పాన్స్ రెండూ మీనుంచి ఏదో కావాలని అడగడమే. వివరం చేరిస్తే మళ్లీ తెరుస్తారు. కెనాట్ రీప్రొడ్యూస్ అంటే అబద్ధమన్నారని కాదు, వాళ్ల దగ్గర రాలేదని. కరెంటు పోయి వరల్డ్ చెడిపోయిన కేసులు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. సేవ్ రాస్తున్న క్షణంలోనే కరెంటు పోవడాన్ని ఎవరూ మళ్లీ రప్పించలేరు. ఇలాంటప్పుడు ట్రాకర్ కన్నా ముందు వరల్డ్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి పక్కన పెట్టుకోండి. తర్వాత అందులో "level.dat_old" అనే ఫైలు ఉందేమో చూడండి. చెడిన "level.dat"ని తీసేసి దీనికి ఆ పేరు పెడితే చాలాసార్లు వరల్డ్ తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్లకి చిన్న యూపీఎస్ కన్నా మంచి సలహా లేదు.

వర్క్స్ యాజ్ ఇంటెండెడ్ మీదే వాదనలన్నీ. పిస్టన్‌కి నేరుగా కరెంటు అందకపోయినా, దాని పైనున్న బ్లాకు చోటికి అందితే కదిలిపోయే వింత ఉంది కదా, క్వాసీ కనెక్టివిటీ అంటారు. ఎంసీ-108గా పడితే ఈ ముద్రే వేశారు. మొదట తప్పుగా పుట్టినదే, కానీ దాని మీద ఆధారపడి వేలాది రెడ్‌స్టోన్ యంత్రాలు కట్టేశారు, తీసేస్తే అవన్నీ ఆగిపోతాయి. దగ్గరికొచ్చి పేలిపోయే క్రీపర్ అనే జీవి కూడా పంది బొమ్మ గీస్తూ పొడవు, ఎత్తు తారుమారు చేయడంతో పుట్టినదే. కాబట్టి ఆట చేసినవాళ్ల ఉద్దేశం ఏమిటన్నది బగ్గు నిర్వచనంలో భాగం. మీకు నచ్చకపోవడం దానికి సరిపోదు. "ఇట్లా ఉంటే బాగుండు" అన్నవి ఫీడ్‌బ్యాక్ సైటుకి వెళ్లాలి, ట్రాకర్‌లో పెడితే వెంటనే మూస్తారు.

నలుగురుంటే ఎట్లా పంచుకోవాలి

ఒక్కడే రిపోర్టు రాస్తే అరగంట పైనే పడుతుంది. హాస్టల్ గదిలో నలుగురుంటే ఇంకా బాగా, ఇంకా తొందరగా అవుతుంది. ఒకరు ట్రాకర్‌లో పాత రిపోర్టులు వెతకాలి. ఒకరు కొత్త వరల్డ్‌లో మాడ్ లేకుండా తప్పు రప్పించాలి. మూడోవాడు వేరే ల్యాప్‌టాప్‌లో, వీలైతే లినక్స్‌లో, అవే స్టెప్పులు కాగితం మీంచి చదివి చేయాలి. పక్కనుంచి నోటితో ఏమీ చెప్పకూడదు. ఇది చాలా ముఖ్యం. మీరు రాయని స్టెప్పు ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. "ముందు రాత్రి అయ్యేదాకా ఆగాలి" లాంటివి రాసేవాడికి అలవాటై కలం మీదికి రావు. నాలుగోవాడు ఒక్కో స్టెప్పూ తీసేస్తూ, ఏది లేకపోయినా బగ్గు వస్తుందో చూడాలి. పన్నెండు స్టెప్పులు నాలుగుకి దిగితే కన్ఫర్మ్డ్ దాకా వెళ్లినట్టే.

రిపోర్టు ఇంగ్లిష్‌లోనే రాయాలి. ముందు తెలుగులో స్టెప్పులు రాసుకుని తర్వాత మార్చడం మంచిది, వాక్యాలు పొట్టిగా వస్తాయి. ఒక స్టెప్పుకి ఒక పని. ఏం జరగాలో ఒక వరస, ఏం జరిగిందో ఒక వరస. ఒక రిపోర్టుకి ఒకే బగ్గు. రెండు కలిపి రాస్తే ఒకటి సరిచేసినప్పుడు రెండోది దానితోపాటు మూతబడిపోతుంది.

క్రాష్ అయితే విండోస్ రన్ పెట్టెలో "%appdata%" అని కొట్టి, మైన్‌క్రాఫ్ట్ ఫోల్డర్‌లో క్రాష్ రిపోర్ట్స్‌లోని తాజా ఫైలుని జతచేయాలి. స్క్రీన్‌షాట్ కాదు, ఫైలే. గేమ్ తెర బిగుసుకుపోయి క్రాష్ కాకపోతే ఎఫ్3, సీ రెండూ కలిపి పది సెకన్లు నొక్కిపట్టండి, బలవంతంగా క్రాషై రిపోర్టు రాస్తుంది. నత్తనడక అయితే ఎఫ్3, ఎల్. పది సెకన్ల కొలతలు డీబగ్ ఫోల్డర్‌లో జిప్‌గా పడతాయి. "ల్యాగ్ అవుతోంది" అన్న మాటకి విలువ లేదు, ఆ జిప్‌కి ఉంది. ఫోన్ మీద ఆడేవాళ్లు వరల్డ్ పక్కన పెన్సిల్ గుర్తు నొక్కి, ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలు ఇవ్వొచ్చు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ తప్పక రాయాలి, ఎందుకంటే కొన్ని తప్పులు ఒక రకం గ్రాఫిక్స్ చిప్‌లోనే వస్తాయి. లాగ్ ఫైలులో మీ విండోస్ యూజర్ పేరు దారి మధ్యలో కనబడుతుంది. చాలామందిది అసలు పేరే ఉంటుంది. పంపే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి దాన్ని మార్చేయండి.

ఒక్క రకం బగ్గుని మాత్రం అందరికీ కనబడేలా రాయకూడదు. సర్వర్‌ని కూల్చేవి, ఎదుటివాడి కంప్యూటర్‌లోకి దూరే వీలిచ్చేవి. 2021 డిసెంబర్‌లో లాగ్4జె అనే, లాగ్ ఫైళ్లు రాసే కోడ్‌లో బయటపడ్డ లోపం ఎంతటిదంటే, మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక వరస టైప్ చేస్తే ఎదుటి మెషిన్‌లో కోడ్ నడిపించగలిగేది. డిసెంబర్ 10న 1.18.1 విడుదల చేసి మూశారు. అలాంటిది కంటబడితే వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టడం కూడా తప్పే. ప్రైవేటుగానే పంపాలి.

మిగతావాటి పక్కన పెట్టి చూస్తే

ఫాక్టోరియో అనే గేమ్ చేసే వూబ్ కంపెనీ వాళ్ల పద్ధతి చిన్నది, ముచ్చటైనది. జిరా లేదు, ఫోరమే. రిపోర్టు శీర్షిక ముందు బ్రాకెట్‌లో వెర్షన్ రాయాలి, లాగ్, సేవ్ ఫైలు జతచేయాలి. డెవలపర్లు ఆ పోస్టుని ఒక విభాగం నుంచి ఇంకోదానికి జరుపుతారు: పెండింగ్, అసైన్డ్, రిజాల్వ్డ్, డూప్లికేట్స్, నాట్ ఎ బగ్, మైనర్ ఇష్యూస్. మళ్లీ రప్పించలేని, అంతుబట్టని వాటికి "వన్ బై జీరో మ్యాజిక్" అని ఒక విభాగమే ఉంది. సున్నాతో భాగిస్తే వచ్చే జవాబులాగా అన్నమాట. రిపోర్టు ఎక్కడుందో చూస్తే దాని గతి తెలిసిపోతుంది. చెప్పుకోదగ్గ తేడా, డెవలపర్లే వచ్చి మాట్లాడడం. మొజాంగ్ ట్రాకర్‌లో అది అరుదు. ద్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే గేమ్ ట్రాకర్ మాంటిస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. అందులో తీవ్రత ఒక గడి, ఎన్నిసార్లకి వస్తుందన్నది ఇంకో గడి: ఎప్పుడూ, అప్పుడప్పుడూ, తోచినట్టు, ఇంకా ప్రయత్నించలేదు. ఈ "ఇంకా ప్రయత్నించలేదు" అని నిజాయితీగా చెప్పే వీలు ప్రతి ట్రాకర్‌లోనూ ఉంటే బాగుండేది. ఇక మన దగ్గర ఫోన్‌లో ఎక్కువగా ఆడే షూటింగ్ గేములు చాలావాటికి అందరూ చూసే జాబితానే లేదు. యాప్ లోపల హెల్ప్‌లో రాస్తే ఒక తయారు జవాబు వస్తుంది, అదే బగ్గు ఇంకెవరికైనా ఉందో లేదో తెలియదు.

మొజాంగ్ ట్రాకర్‌కి ఒక మార్కు కోసింది మౌనానికి. కన్ఫర్మ్డ్ అయ్యాక ఏళ్ల తరబడి ఒక్క మాటా రాకపోవచ్చు. ప్రయారిటీ ఎందుకు తక్కువ పెట్టారో రాయరు. వోంట్ ఫిక్స్ (సరిచేయం) అని మూసినప్పుడు ఒక్క వాక్యం కారణం రాస్తే ఎంతో మేలు. రెండో లోటు, పాత ల్యాప్‌టాప్‌లలో మాత్రమే వచ్చే తప్పులు వెనకబడడం. జల్లెడ పట్టేవాళ్ల మెషిన్లు మంచివి, అక్కడ అవి రావు. అందుకే రెండు వేర్వేరు పాత ల్యాప్‌టాప్‌లలో రప్పించి, రెండింటి వివరాలూ ఒకే రిపోర్టులో పెట్టడం మనలాంటి ఊళ్ల నుంచి రావాల్సిన పని.

ఇంకోటీ మన నుంచే రావాలి. జావా ఎడిషన్‌లో బోర్డు మీదో, పుస్తకంలోనో తెలుగు రాసి చూడండి. అక్షరం, గుణింతం గుర్తు, ఒత్తు ఒకదానిలో ఒకటి కలవకుండా విడివిడిగా నిలబడతాయి. అరబిక్‌ని కలిపి చూపించే ఏర్పాటు ఉంది, మన లిపికి లేదు. ఇది బగ్గా, కొత్త సౌకర్యం అడగడమా అన్నది కచ్చితంగా తగువే, "ఫీడ్‌బ్యాక్‌కి వెళ్లండి" అని మూసేసినా ఆశ్చర్యం లేదు. ముందు పాత రిపోర్టులు వెతకండి. తెలుగుతో పాటు కన్నడ, తమిళ, హిందీ లిపుల పేర్లతో కూడా, ఎందుకంటే లోపం ఒకటే. రాయాల్సి వస్తే "తెలుగు సరిగా రావడం లేదు" అని రాయకండి. "శ్రీ", "క్ష్మి", "ర్థ" లాంటి నాలుగు కూర్పులు తీసుకుని, ఒక్కోదాన్ని గేమ్‌లో వచ్చినట్టు ఒక బొమ్మ, నోట్‌ప్యాడ్‌లో వచ్చినట్టు ఒక బొమ్మ పక్కపక్కన పెట్టండి. తెలుగు చదవడం రానివాడికి కూడా తేడా కంటికి ఆనాలి. బొమ్మలో ఉన్న అక్షరాల్నే కాపీ చేసుకోవడానికి వీలుగా కింద టెక్స్ట్‌గానూ ఇవ్వండి. అది లేకపోతే అవతలి మనిషి తన కీబోర్డు మీద మన అక్షరాలు కొట్టలేక అక్కడే ఆగిపోతాడు.